పాత సిగ్నల్ చెయ్యి దానంతట అదే వాలిపోతోంది, తప్పెక్కడ జరిగింది?

#1 తుప్పుతో_తంటా

అందరికీ నమస్తే. నాలుగు నెలలుగా షెడ్డులో రైలుకి చెయ్యి చూపి ఆగమనో, వెళ్ళమనో చెప్పే ఒక పాత సెమాఫోర్ సిగ్నల్‌తో కుస్తీ పడుతున్నాను. కిందికి వాలే రకం, లోయర్ క్వాడ్రంట్. ఎనామెల్ పూసిన ఉక్కు చెయ్యి, రెండు గాజు బిళ్ళలు పట్టే బీడు (పోత ఇనుము) స్పెక్టకిల్, కిరసనాయిలు దీపం, నిలువు రాడ్డు, కింద బరువు లివర్ అన్నీ దొరికాయి. స్తంభం మాత్రం పైన మూడు మీటర్ల ముక్కే మిగిలింది.

విడదీసేటప్పుడు స్పెక్టకిల్ జారిపడి మూడు ముక్కలైంది. తప్పు నాదే, తాడు కట్టకుండా బోల్టు విప్పేశాను. ఆ ముక్కల్నే పక్కపక్కన పేర్చి, ఇసుకలో అచ్చు తీయించి, అల్యూమినియంతో కొత్తది పోయించాను. తేలిగ్గా, నున్నగా చాలా బాగా వచ్చింది. ఆ సంతోషం నిన్నటిదాకానే.

నిన్న మొత్తం బిగించి చూస్తే చెయ్యి అడ్డంగా నిలబడదు. పట్టుకుని ఉన్నంతసేపు ఉంటుంది, వదలగానే కిందికి వాలిపోతుంది. రాడ్డు ఇంకా తగిలించలేదు. అది తగిలించి కింద బరువు పెడితే సర్దుకుంటుందా? ఇరుసు నట్టు గట్టిగా బిగిస్తే నిలుస్తోంది గానీ, అది పద్ధతి కాదేమోనని అడుగుతున్నాను.

పనిలో పనిగా ఇంకో రెండు. ఆకుపచ్చ గాజు అని ఇచ్చింది పగటి వెలుగులో చూస్తే నీలంగా ఉంది. మోసపోయానా? ఇక స్తంభం మీద, రాడ్డు మీద ఎరుపు, తెలుపు పెయింటు పొరలు పొరలుగా ఉంది. గ్రైండర్‌కి వైరు బ్రష్ తగిలించి ఒకే రోజులో లేపేద్దామనుకుంటున్నాను. ఏమంటారు?

#2 లేత్_మిషన్

బాస్, సింపుల్. రాడ్డు తగిలించు, కింద బరువు పెట్టు, చెయ్యి లేస్తుంది. అంతకీ నిలవకపోతే నైలాన్ లాక్ నట్టు వేసి కొంచెం టైట్ చెయ్యి. షోకి పెట్టేదే కదా, బండ్లు ఆపేది కాదుగా.

#3 కేబిన్_పెద్దాయన

లేత్ బాబూ, ఆ మాట ఇంకొకరికి చెప్పకు.

నేను ముప్పై రెండేళ్ళు సిగ్నల్ మెయింటెయినర్‌గా చేశాను. తుప్పుతో_తంటా గారూ, మీ పనితనంలో లోపం లేదు, లోహంలో ఉంది. లోయర్ క్వాడ్రంట్‌లో చెయ్యి ఇరుసుకి ఒక పక్క, స్పెక్టకిల్ రెండో పక్క. త్రాసు లాంటిదే. చెయ్యి కిందికి వాలితే బండికి దారి ఉన్నట్టు, అడ్డంగా ఉంటే ఆగమన్నట్టు. మరి సిగ్నల్ కేబిన్ నుంచి చేతిని కదిలించే వైరు తెగినా, రాడ్డు విరిగినా చెయ్యి ఏం చెయ్యాలి? అడ్డంగా నిలబడాలి. భూమ్యాకర్షణ చేతిని కిందికే లాగుతుంది కాబట్టి, దాన్ని పైకి లేపే బరువు అవతలి పక్క ఉండాలి. ఆ బరువే స్పెక్టకిల్. గాజులు పట్టుకోవడానికి అంత బీడు అక్కర్లేదు, సన్నని కమ్మీ చాలు. దాన్ని దిట్టంగా పోసింది చేతిని లేపడానికి.

మీరు అల్యూమినియం పోయించారు. బీడు సాంద్రత 7.2 చుట్టూ ఉంటుంది, అల్యూమినియంది 2.7. అంటే త్రాసులో ఒక పళ్ళెంలోని బరువు తగ్గి, మూడో వంతు కంటే కాస్త ఎక్కువే మిగిలింది. చెయ్యి వాలక ఏం చేస్తుంది?

కింద బరువు లివర్ ఉంది కదా అంటారు. దాని పని వేరు. కేబిన్ నుంచి వైరు లాగితే ఆ బరువు పైకి లేచి, రాడ్డు పైకి నెట్టి, స్పెక్టకిల్ పైకి వెళ్ళి చెయ్యి వాలుతుంది. వైరు వదిలితే ఆ బరువు కిందికి దిగి, రాడ్డుని లాగి, చేతిని అడ్డంగా తెస్తుంది. వైరు తెగితే ఆ బరువు కాపాడుతుంది. కానీ రాడ్డు పిన్నే ఊడిపోతే? అప్పుడు స్పెక్టకిల్ ఒక్కటే దిక్కు. రెండు కాపలాలు పెట్టారంటే రెండూ ఉండాలి.

ఇక ఇరుసు నట్టు బిగించి నిలబెట్టడం గురించి నేను రాస్తే మోడరేటర్ గారు తీసేస్తారు.

#4 తుప్పుతో_తంటా

అయ్యో. మూడు నెలలుగా దాన్ని కళ్ళజోడు ఫ్రేము అనే అనుకుంటున్నాను గురువుగారూ.

ఇప్పుడే తూచి వచ్చాను. విరిగిన ముక్కలు మూడూ కలిపి 18 కిలోలు. నేను పోయించింది 6.8. చెయ్యి, దాని పట్టీతో కలిపి 6.5 కిలోలు. అంటే కొత్త స్పెక్టకిల్ కూడా చేతికంటే బరువే. మరి ఎందుకు వాలుతోంది?

#5 కేబిన్_పెద్దాయన

బరువుతో పాటు దూరం కూడా చూడాలి. చేతిని కత్తి అంచు మీద పెట్టి ఎక్కడ సమంగా నిలుస్తుందో చూడండి. ఆ చోటు నుంచి ఇరుసు ఎంత దూరమో కొలవండి. స్పెక్టకిల్‌కి కూడా అలాగే. ముక్కల్ని చెక్క మీద పేర్చి కట్టి తూచినా సరిపోతుంది.

#6 తుప్పుతో_తంటా

కొలిచాను. చెయ్యి: 6.5 కిలోలు, దూరం 55 సెంటీమీటర్లు. గుణిస్తే 357. పాత స్పెక్టకిల్: 18 కిలోలు, 25 సెంటీమీటర్లు, 450. నా అల్యూమినియం ముద్దుబిడ్డ: 6.8 ఇంటూ 25, 170.

ఇక వాదించడానికేమీ లేదు.

#7 కొత్తగా_చేరాను

నమస్తే, చదువుతూ ఉన్నాను, ఒక సందేహం. కొన్ని సిగ్నళ్ళలో చెయ్యి పైకి లేస్తే దారి ఉన్నట్టు కదా? వాటికి ఈ గొడవ లేదా?

#8 కేబిన్_పెద్దాయన

మంచి ప్రశ్న. అవి అప్పర్ క్వాడ్రంట్. వాటిలో చెయ్యి సొంత బరువుతోనే అడ్డానికి దిగుతుంది. అందుకే స్పెక్టకిల్ తేలిక, చెయ్యి కూడా కాస్త పొట్టి. తర్వాతి రోజుల్లో చాలా రైల్వేలు వాటివైపు మళ్ళడానికి ఇదొక కారణం.

ఇంకో మాట, టెక్నికల్ కాదు. "సిగ్నల్ పడింది, బండొస్తోంది" అని మనం అంటాం కదా. సిగ్నల్ పడటం ఏమిటి, అదేమన్నా వానా? లోయర్ క్వాడ్రంట్ చేతిని చూసినవాళ్ళు పుట్టించిన మాట అది. ఇప్పుడు రంగు దీపాలే ఉన్నాయి, ఏదీ పడదు, అయినా "పడింది" అనే అంటున్నాం.

#9 పాతదే_ముద్దు

పెద్దాయన గారు అసలు సంగతి చెప్పేశారు కాబట్టి నేను పెయింటు దగ్గరికి వస్తాను. తుప్పుతో_తంటా గారూ, గ్రైండర్ ముట్టుకోకండి. ఇది సలహా కాదు, బతిమాలడం.

ఆ కాలపు ఇనుప సామాను మీద అడుగు పొర చాలాసార్లు రెడ్ లెడ్. అవిసె నూనెలో కలిపిన సీసపు సిందూరం. పై తెలుపులో కూడా సీసం ఉండొచ్చు. వైరు బ్రష్ తిప్పితే అది కంటికి కనపడని పొడిగా లేచి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. బ్లో లాంప్‌తో కాల్చడం ఇంకా ఘోరం, సీసం ఆవిరవుతుంది. బట్టలకి అంటుకుని ఇంట్లో పిల్లల దాకా వెళ్తుంది, వాళ్ళకి తక్కువ మోతాదు చాలు.

నేను చేసేది ఇది. ముందు సీసం పరీక్ష కిట్టుతో చూస్తాను. ఉందని తేలితే కింద ప్లాస్టిక్ షీటు పరిచి, పెయింటు రిమూవర్ జెల్ పూసి, నానబెట్టి, తడి మీదే గీకుతాను. గరుకు కాగితం వాడినా నీళ్ళతోనే. ముఖానికి మామూలు గుడ్డ మాస్కు కాదు, సన్నని ధూళిని ఆపే ఫిల్టర్ ఉన్నది. గీకిన చెత్త మూత ఉన్న డబ్బాలో వేసి, ప్రమాదకర వ్యర్థాలు తీసుకునే చోట ఇవ్వాలి. షెడ్డులోంచి బయటికి వచ్చేముందు చేతులు, ముఖం కడుక్కోవాలి. ఒక రోజు పని రెండు వారాలవుతుంది. అవనివ్వండి.

అంతకంటే ముందు ఒక చిన్న పని. స్తంభం మీద అరచెయ్యంత చోట పొరల్ని మెట్లు మెట్లుగా తెరవండి. నీళ్ళు, నున్నటి కాగితం, ఓపిక. ఒక్కో పొర ఒక్కో ఉంగరంలా బయటపడుతుంది. ఏ రంగు మీద ఏ రంగు వేశారో, మొదటి రంగు ఏదో తెలుస్తుంది. ఫోటో తీసి, ఆ చోటు అలాగే వదిలేసి పైన వార్నిష్ వేయండి. మొత్తం లేపేశాక ఆ సమాచారం ఇంకెక్కడా దొరకదు.

ఎనామెల్ చేతి జోలికి అసలు పోవద్దు. అది పెయింటు కాదు, 800 డిగ్రీల దగ్గర ఉక్కుకి కరిగించి అంటించిన గాజు పొర. ఇసుక కొట్టిస్తే పోయింది పోయినట్టే. సబ్బునీళ్ళతో కడగండి, పెచ్చు లేచిన చోట తుప్పు ఆపి, ఎపాక్సీ నింపి రంగు కలపండి. కొన్ని పెచ్చులు అలాగే ఉంటేనే అందం అని నా అభిప్రాయం. చాలామంది ఒప్పుకోరు.

#10 లేత్_మిషన్

నేను ఒప్పుకోను. సిగ్నల్ అనేది కనపడటానికి పుట్టింది. సర్వీసులో ఉన్నప్పుడు పెచ్చులతో వదిలేసేవాళ్ళా? పెద్దాయనే చెప్పాలి.

#11 కేబిన్_పెద్దాయన

వదిలేవాళ్ళం కాదు. మురికిపడితే తుడిచేవాళ్ళం, పాడైతే చెయ్యి మార్చేవాళ్ళం. కానీ అప్పుడు స్టోర్లో కొత్తది ఉండేది బాబూ. ఇప్పుడు లేదు. కాబట్టి ఈసారి పాతదే_ముద్దు గారి వైపు.

#12 గాజుకళ్ళు

గాజు ప్రశ్నకి ఇంతవరకు ఎవరూ జవాబు చెప్పలేదు కాబట్టి నేను దూరుతున్నాను. పాత దీపాలు, లెన్సులు నా పిచ్చి.

మీరు మోసపోలేదు. ఆ గాజు నీలంగానే ఉండాలి. కిరసనాయిలు మంట తెల్లగా ఉండదు, పసుపుగా, కాస్త నారింజ వైపు ఉంటుంది. రంగు ఉష్ణోగ్రత లెక్కలో సుమారు 1,900 నుంచి 2,000 కెల్విన్. అందులో నీలం కాంతి చాలా తక్కువ, ఎరుపు, పసుపు ఎక్కువ. దాని ముందు అచ్చమైన ఆకుపచ్చ గాజు పెడితే దూరం నుంచి పసుపు కలిసిన నీరసపు రంగు కనిపిస్తుంది. నీలం కలిసిన గాజు పెడితే అది ఎరుపుని, ఎక్కువైన పసుపుని మింగేసి, మిగిలినదాన్ని ఆకుపచ్చగా బయటికి పంపుతుంది. గాజు, మంట రెండూ కలిస్తేనే ఆ రంగు.

అందుకే చాలామంది చేసే తప్పు: పాత దీపంలో తెల్ల ఎల్ఈడీ పెట్టడం. దాన్లో నీలం పుష్కలం. చెయ్యి వాలగానే నీలం దీపం వెలుగుతుంది. పైగా తెల్ల ఎల్ఈడీలో ముదురు ఎరుపు తక్కువ కాబట్టి ఎరుపు గాజు వెనక మసకబారుతుంది. "అయితే పసుపు ఎల్ఈడీ పెడతా" అని ఒకాయన పెట్టాడు. అది ఒకే ఒక్క సన్నని రంగు, అందులో ఆకుపచ్చ లేదు. లేనిదాన్ని గాజు ఎక్కడి నుంచి తెస్తుంది? దాదాపు చీకటి.

నేను చేసేది తీగ బల్బు పెట్టి తక్కువ వోల్టేజీ ఇవ్వడం. 12 వోల్టుల బల్బుకి 9 వోల్టులు. వెలుగు మూడో వంతుకి కాస్త పైన ఉంటుంది, కానీ తీగ తక్కువగా కాలి వెలుగు పసుపు వైపు వస్తుంది, బల్బు ఆయుష్షు ఎన్నో రెట్లు పెరుగుతుంది. ఆ గాజు వెనక పెట్టి చూడండి, నీలం పోయి ఆకుపచ్చ వస్తుంది. మంటంత బాగా రాదు గానీ దగ్గరికి వస్తుంది.

బిగించేటప్పుడు ఎరుపు పైన, ఆకుపచ్చ కింద. చెయ్యి వాలినప్పుడు స్పెక్టకిల్ లేస్తుంది కాబట్టి కింది గాజు దీపం ముందుకి వస్తుంది. తలకిందులు చేసినవాళ్ళని చూశాను.

#13 కొత్తగా_చేరాను

మేడం, మరి దారి ఉందని చెప్పడానికి గాజు లేకుండా తెల్ల దీపమే పెడితే పోయేది కదా? ఇంత తంటా ఎందుకు?

#14 గాజుకళ్ళు

మొదట్లో అలాగే ఉండేది! తెలుపు అంటే వెళ్ళు, ఆకుపచ్చ అంటే జాగ్రత్త, ఎరుపు అంటే ఆగు. ఇప్పుడు ఆలోచించండి, ఎరుపు గాజు పగిలి రాలిపోయింది. రాత్రి డ్రైవరుకి ఏం కనిపిస్తుంది? తెలుపు. అంటే ఆగాల్సిన చోట వెళ్ళు అన్నట్టు. బ్రిటన్‌లో 1890ల్లో తెలుపుని వదిలించుకుని ఆకుపచ్చని వెళ్ళు చేశారు. అప్పటి నుంచి తెల్లగా కనిపించిందంటే ఏదో విరిగిందని అర్థం.

#15 కేబిన్_పెద్దాయన

మేడం చెప్పింది కూడా స్పెక్టకిల్ కథ లాంటిదే. ఏదైనా చెడితే ఆగు అనే చెప్పాలి, వెళ్ళు అని పొరపాటున కూడా చెప్పకూడదు.

ఈ పాఠం ఊరికే రాలేదు. సెమాఫోర్ రైలు పట్టాల పక్కకి వచ్చింది 1840ల మొదట్లో, లండన్ న్యూ క్రాస్ దగ్గర చార్లెస్ హటన్ గ్రెగరీ పెట్టినది. అప్పట్లో చెయ్యి స్తంభంలో చీల్చిన గాడిలోకి దిగేది. 1876 జనవరిలో ఇంగ్లండ్‌లో ఆబట్స్ రిప్టన్ దగ్గర మంచు తుఫాను. మంచు ఆ గాడిలో గడ్డకట్టి చేతులు వాలిన చోటే ఉండిపోయాయి. కేబిన్‌లో లివర్ తిప్పితే ఆగు అని వేసినట్టే అనిపించింది, బయట మాత్రం వెళ్ళు అనే ఉంది. బండ్లు గుద్దుకున్నాయి, మనుషులు పోయారు. ఆ తర్వాత ఆ లైను నడిపే గ్రేట్ నార్తర్న్ రైల్వే కంపెనీ చెయ్యి స్తంభానికి దూరంగా, నడుము దగ్గర తిరిగే సోమర్‌సాల్ట్ రకానికి మారింది. మామూలుగా చేతిని వాల్చి ఉంచే అలవాటు పోయి, అడ్డంగా ఉంచి అవసరమైతేనే వాల్చే పద్ధతి వచ్చింది.

తుప్పుతో_తంటా గారి లెక్కలో 450కి, 357కి మధ్య 93 తేడా ఉంది చూశారా. అది దండగ బరువు కాదు. మంచుకి, మట్టికి, ఎండిన గ్రీజుకి, చేతి మీద వాలే కాకికి పక్కన పెట్టిన మిగులు.

#16 తుప్పుతో_తంటా

చదివి కాసేపు షెడ్డులో ఊరికే కూర్చున్నాను. సరే, ఇప్పుడు దారి చెప్పండి. బీడుతో మళ్ళీ పోయించనా? లేక అల్యూమినియం దాని వెనక సీసం ముద్దలు బిగించనా?

#17 లేత్_మిషన్

సీసం వద్దు బాస్, ఇప్పుడే సీసం పాఠం అయింది. పైగా అల్యూమినియం ఇనుముకి తగిలి తడిసిందంటే అల్యూమినియమే తరిగిపోతుంది, తెల్ల పొడి రాలుతుంది.

బీడు పోయిస్తే ఒకటి గుర్తుంచుకో. బీడు చల్లారితే దాదాపు ఒక శాతం కుంచించుకుపోతుంది. పాత ముక్కనే ప్యాటర్న్‌గా పెట్టావా, 600 మిల్లీమీటర్ల పొడవులో 6 మిల్లీమీటర్లు పోతాయి. గాజు రంధ్రం 8 అంగుళాలైతే 2 మిల్లీమీటర్లు చిన్నదవుతుంది, గాజు కూర్చోదు. నీ అల్యూమినియం దానికి కూడా ఇదే అయ్యుండాలి, దాని కుదింపు ఇంకా ఎక్కువ. ప్యాటర్న్ కొంచెం పెద్దగా చెక్కతో చేయించాలి.

#18 తుప్పుతో_తంటా

అయింది. గాజు కూర్చోకపోతే ఆకురాయితో రెండు రోజులు రాశాను. ఇసుక అచ్చు గరుకేమో అనుకున్నా.

#19 పాతదే_ముద్దు

ఇంకో దారి ఉంది, పాత ముక్కల్నే కలపడం. మూడే ముక్కలు, అంచులు శుభ్రంగా ఉంటే సాధ్యమే. ముందు పగుళ్ళు ఇంకెక్కడైనా దాగున్నాయేమో చూడండి. కిరసనాయిలు పూసి పావుగంట ఉంచి, పొడిగా తుడిచి, పైన సుద్ద పొడి రాయండి. పగులు ఉంటే లోపలి నూనె మళ్ళీ బయటికి వచ్చి సుద్ద మీద సన్నటి గీత కనిపిస్తుంది.

కలపడానికి మూడు పద్ధతులు. నికెల్ రాడ్‌తో వెల్డింగ్: ముందే బాగా వేడి చేసి, పని అయ్యాక బూడిదలోనో ఇసుకలోనో కప్పి రోజంతా మెల్లగా చల్లార్చాలి. తొందరపడితే వెల్డు పక్కనే టక్కున ఇంకో పగులు. కాంస్యంతో బ్రేజింగ్: బీడు కరగదు, వేడి తక్కువ, రిస్కు తక్కువ, కాకపోతే అతుకు పసుపుగా కనిపిస్తుంది, పెయింటు కింద పోతుంది. మూడోది మెటల్ స్టిచింగ్: వేడే లేదు. పగులుకి అడ్డంగా గాళ్ళు తవ్వి, మెత్తటి లోహపు తాళాలు దిగ్గొట్టి, మధ్యలో మరలు ఒకదానికొకటి ఆనేలా వేస్తారు. కుట్టు వేసినట్టే. ఇంజను బ్లాకులు ఇలా బాగుచేస్తారు.

మీ ముక్క మీద పెద్ద లోడు లేదు కాబట్టి బ్రేజింగ్ చాలని నా ఓటు.

#20 పానా_పట్టుకోండి

మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. నట్లు, బోల్టులు ఏం చేశారు? బ్రిటిష్ తయారీ అయితే అవి మెట్రిక్ కావు, పాత బ్రిటిష్ అంగుళాల కొలత అయిన విట్‌వర్త్ మరలు. పన్ను కోణం 55 డిగ్రీలు, మెట్రిక్‌ది 60. అర అంగుళం విట్‌వర్త్‌కి అంగుళానికి 12 చుట్లు, అంటే ఒక్కో చుట్టు 2.1 మిల్లీమీటర్ల పైన. M12 మెట్రిక్ నట్టు మొదటి చుట్టు ఎక్కినట్టే ఎక్కి, బిగించగానే పాత బోల్టు పళ్ళు నమిలేస్తుంది. పానాలు కూడా వేరే. విట్‌వర్త్ పానా మీద ఉండే కొలత బోల్టు లావు, తల వెడల్పు కాదు.

పట్టేసిన నట్లకి నేను అసిటోన్, గేర్ ఆయిల్ సగం సగం కలిపి రెండు మూడు రోజులు పోస్తాను. తర్వాత సుత్తితో చిన్న చిన్న దెబ్బలు. బీడు మీద పెద్ద దెబ్బ కొట్టారో, మీకు ఇప్పటికే తెలుసు.

#21 తుప్పుతో_తంటా

రెండు నట్లు నమిలించాను. ఈ థ్రెడ్ నాలుగు నెలల ముందు పెట్టుంటే బాగుండేది.

రాడ్డు పిన్నులు, లివర్ పెట్టె మాత్రం విద్యుత్తుతో తుప్పు తీశాను. వాషింగ్ సోడా నీళ్ళు, 12 వోల్టుల ఛార్జరు, వస్తువుకి మైనస్, పక్కన తుక్కు ఇనుముకి ప్లస్. అద్భుతంగా వచ్చింది.

#22 పానా_పట్టుకోండి

ప్లస్ వైపు స్టెయిన్‌లెస్ స్టీలు పెట్టలేదు కదా? అది క్రోమియంని విషపు రూపంలో నీళ్ళలో కలుపుతుంది. హైడ్రోజన్ బుడగలు కూడా వస్తాయి, తలుపులు తీసి ఉంచండి, దగ్గర్లో నిప్పు వద్దు. ఇత్తడి, అల్యూమినియం అందులో ముంచకండి. నేను ఒకసారి ఇత్తడి నంబరు ప్లేటుతో సహా ముంచాను. దాని గురించి ఇంకేం అడగొద్దు.

#23 మోడరేటర్

థ్రెడ్ బాగా నడుస్తోంది, పిన్ చేస్తున్నాను. సీసం పెయింటు గురించి #9 అందరూ చదవండి.

#24 తుప్పుతో_తంటా

మూడు వారాల తర్వాత అప్‌డేట్.

సుద్ద పరీక్షలో నాలుగో పగులు దొరికింది. ఎరుపు గాజు రంధ్రం పైన, వెంట్రుకంత. అన్నీ కలిపి బ్రేజింగ్ చేయించాను. చేసినాయన ఇసుకలో పాతిపెట్టి మర్నాటిదాకా ముట్టుకోనివ్వలేదు. తూకం 18.3 కిలోలు. గాజులు రెండూ ఆకురాయి తగలకుండా కూర్చున్నాయి.

స్తంభం మీద పొరల మెట్లు తెరిచాను. పదకొండు పొరలు. పైన మొత్తం తెలుపు, మధ్యలో ఒకచోట బూడిద రంగు, అట్టడుగున సిందూరం. ఆరో పొర మీద స్టెన్సిల్‌తో వేసిన 12 అనే అంకె బయటపడింది. ఆ చోటు అలాగే వదిలేశాను. పాతదే_ముద్దు గారికి దండం.

ఇప్పుడు కొత్త సమస్య. చెయ్యి వాలిపోవడం లేదు, పైకి వస్తోంది, కానీ సగంలో ఆగిపోతోంది. వేలితో తట్టితే మిగతా సగం వస్తోంది. బరువు సరిపోయింది కదా, మళ్ళీ ఏమైంది?

#25 కేబిన్_పెద్దాయన

ఇరుసుకి పెయింటు వేశారా?

#26 తుప్పుతో_తంటా

వేశాను. రెండు కోట్లు. తుప్పు పట్టకూడదని.

#27 కేబిన్_పెద్దాయన

ఆరిన పెయింటు జిగురుతో సమానం. ఇరుసు, అది తిరిగే గన్‌మెటల్ బుష్షు లోపలి భాగం, రాడ్డు పిన్నులు, వీటిలో ఎక్కడా పెయింటు ఉండకూడదు. మొత్తం గీకి, నున్నగా తుడిచి, పల్చగా గ్రీజు. బుష్షు పక్కన కాగితం మందం ఆట ఉండాలి.

సగం చెయ్యి అన్నిటికంటే చెడ్డది. పూర్తిగా వాలితే ఒక మాట, అడ్డంగా ఉంటే ఒక మాట, సగంలో ఉంటే డ్రైవరు తనకి తోచింది అనుకుంటాడు. సర్వీసులో మాకు ఈ తలనొప్పి ఎక్కువగా వైరుతో వచ్చేది. ఉక్కు వైరు కిలోమీటరు పొడవుంటే, 30 డిగ్రీల తేడాకి 36 సెంటీమీటర్లు సాగుతుంది. మధ్యాహ్నం ఎండకి సాగి, లివర్ పూర్తిగా లాగినా చెయ్యి సరిగ్గా వాలదు. రాత్రి చలికి కుంచించుకుని, ఎవరూ లాగకుండానే చేతిని కాస్త వంచేస్తుంది. అందుకే కేబిన్‌లో వైరు అడ్జస్టర్ ఉండేది, రోజులో ఎన్నిసార్లు తిప్పేవాళ్ళమో లెక్కలేదు.

పరీక్ష ఇది. రాడ్డు విప్పేయండి. చేతిని పూర్తిగా వాల్చి వదలండి. తర్వాత సగం వాల్చి వదలండి. తర్వాత ఒక్క వేలెడు. మూడు చోట్ల నుంచీ ఎవరూ తట్టకుండా అడ్డానికి రావాలి, స్టాపుకి తగిలి "టప్" మనాలి. పదిసార్లలో పదిసార్లు. తొమ్మిదైతే విప్పి మళ్ళీ చూడండి.

#28 లేత్_మిషన్

పెద్దాయనా, మొదటి పోస్టులో నేను చెప్పిన నైలాన్ నట్టు మాట వెనక్కి తీసుకుంటున్నా.

#29 కేబిన్_పెద్దాయన

తీసుకున్నట్టు రిజిస్టర్లో రాసుకున్నాను.

#30 తుప్పుతో_తంటా

పెయింటు గీకాను. బుష్షు లోపల నా పెయింటు కింద పాత గ్రీజు రాయిలా గట్టిపడి ఉంది, అది కూడా తీశాను. రాడ్డు విప్పి పరీక్ష పెట్టాను. మొదటి విడతలో ఎనిమిది. స్తంభం నిటారుగా లేదని అప్పుడు తెలిసింది, స్టాండు ఒక పక్కకి ఒరిగి ఇరుసు బుష్షుకి రాసుకుంటోంది. కింద రేకు ముక్క పెట్టి నిలబెట్టాను. రెండో విడత పదికి పది. మూడో విడత కూడా పది. ఆ "టప్" శబ్దం కోసం అవసరం లేకపోయినా ఇంకో ఇరవైసార్లు వదిలి ఉంటాను.

రాత్రి 9 వోల్టులతో తీగ బల్బు వెలిగించి షెడ్డు అవతలి గోడ దగ్గర నిలబడి చూశాను. ఎరుపు నిక్కచ్చిగా ఉంది. చెయ్యి వాల్చితే ఆకుపచ్చ, గాజుకళ్ళు మేడం చెప్పినట్టే. కాకపోతే వెలుగు కడుపు ఎత్తులో పడుతోంది, కంటి ఎత్తుకి రావడం లేదు.

#31 గాజుకళ్ళు

బల్బు ఎత్తు ఎక్కువైంది. లెన్సుకి వెలుగు తలకిందులు. తీగ పైకి ఉంటే కిరణం కిందికి వెళ్తుంది. పాత వత్తి మంట ఎక్కడ ఉండేదో బర్నరు చూసి కొలుచుకుని, బల్బు తీగని సరిగ్గా అక్కడికి దించండి. మిల్లీమీటర్లలో లెక్క.

#32 తుప్పుతో_తంటా

6 మిల్లీమీటర్లు దించాను. ఇప్పుడు సూటిగా కంట్లో పడుతోంది.

అల్యూమినియం స్పెక్టకిల్ ఏం చెయ్యాలో తెలీక షెడ్డు గోడకి వేలాడదీశాను. ఇక దీపం నూనె బుడ్డి అతుకు దగ్గర కారుతోంది, టంకం వేద్దామనుకుంటున్నాను.

#33 పానా_పట్టుకోండి

ఆగండి ఆగండి. ఆ బుడ్డిలో పాత కిరసనాయిలు ఆవిరి ఉంటుంది. వేడి సబ్బునీళ్ళతో రెండు మూడుసార్లు కడిగి, అతుకు వరకు నీళ్ళు నింపి, అప్పుడు టంకం. కొత్త థ్రెడ్ పెట్టండి, అక్కడ వివరంగా చెప్తాను.